మురంబా హాలు తాళంచెవి

పరాయి దేశంలో, వెస్ట్‌మీడ్ అనే సిటీ పేటలో ముప్ఫయ్యేళ్లు ఇంజనీరుగా చేసి రిటైరైన రామానుజం, భార్య శ్యామసుందరితో అక్కడే మురంబా అనే పల్లెలో ఇల్లు కొనుక్కుని ఎనిమిది నెలలైంది. ఊరంటే ఏముంది? ఒక రోడ్డు, ఒక పెట్రోలు బంకు, ఒక రేకుల హాలు. ప్రతి గురువారం పదకొండింటికి ఊరంతా ఆ హాల్లో టీకి చేరుతుంది.

హాలు తాళంచెవి ఎక్కడుంటుందో అందరికీ తెలుసు, ఒక్క రామానుజానికి తప్ప. ఎప్పుడడిగినా ఎనభై నాలుగేళ్ల తెల్లావిడ మేవిస్ "అక్కడే ఉంటుంది" అనేది. అక్కడే అంటే ఎక్కడ? అది మాత్రం చెప్పదు. తననింకా పరాయివాడిగానే చూస్తున్నారని ఆయనకి లోపల్లోపల మహా గుచ్చుకునేది.

అంతలో హాలు సెక్రటరీ పదవి ఖాళీ అయింది. మాకొద్దు బాబోయ్ అని అందరూ తప్పుకుంటే ఈయన చెయ్యెత్తాడు. వారం తిరక్కుండా పాత తాళం పీకించి, అంకెలు నొక్కితే తెరుచుకునే తాళం బిగించి, ఆ అంకెలు అందరికీ ఈమెయిల్లో పంపాడు. వెస్ట్‌మీడ్‌లో అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి చేసిందీ అదే. ఇక్కడ ఈమెయిల్ చూసేవాళ్లు ఎందరున్నారని మాత్రం ఆలోచించలేదు.

గురువారం గారెల డబ్బాతో ఇద్దరూ వెళ్లేసరికి గుమ్మం దగ్గర పిట్టమనిషి లేడు. రామానుజం భార్య వైపు తిరిగాడు.

"చూశావా, మనల్ని వెలేశారు."

"ముందు డోర్ తీయండి, గారెలు చల్లారిపోతున్నాయి."

అంకెలు నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. ఊహూఁ.

"కోడ్ పెట్టింది మీరేగా, మర్చిపోయారా?"

"ఈమెయిల్లో ఉందే! ఇక్కడ సిగ్నల్ లేదు."

లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. పక్కకి వెళ్లి చూస్తే ఊరంతా హాల్లోనే కూర్చుని టీ తాగుతోంది. వంటగది కిటికీకి గడియ పడక ముప్ఫయ్యేళ్లయిందట.

"తలుపు తీయొచ్చు గానీ, మేమంతా ఇలాగే వచ్చాం. మీరూ ఇలాగే రావాలి," అంది మేవిస్ కిటికీలోంచి.

ముందు గారెలు వెళ్లాయి. శ్యామసుందరి వెనక నుంచి తోస్తే, మేవిస్ ముందు నుంచి లాగితే, అరవై తొమ్మిదేళ్ల సెక్రటరీగారు వెళ్లి సింకులో పడ్డారు. హాలంతా పగలబడి నవ్వింది.

తడిసిన చొక్కా పిండుకుంటూ, రేపే పాత తాళం పెట్టించేస్తానన్నాడు రామానుజం. మేవిస్ గారె నములుతూ ఆయన చెవి దగ్గరికి వంగింది.

"మూడో పూలకుండీ కింద."

ఆయనకి కళ్లు చెమర్చాయి. ఇల్లు రిజిస్టరైన రోజు కూడా అంత సంతోషం కలగలేదు.

పై నెలలో పాయింట్ కుక్ అనే ఇంకో సిటీ పేట నుంచి, రిటైరైన సుబ్బరాజు దంపతులు ఊళ్లో దిగారు. మొదటి గురువారం అందరికన్నా ముందొచ్చిన సుబ్బరాజు, "హాల్ కీ ఎక్కడుంటుందండీ?" అని అడిగాడు.

రామానుజం కుండీల వైపు చూడకుండా జాగ్రత్తపడి, తీరిగ్గా చెప్పాడు.

"అక్కడే ఉంటుంది లెండి."