దుర్గాశ్రీకి తలంటు

పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, కాళ్ళు బారచాపి, ఆ కాళ్ళ మీద పసివాణ్ణి బోర్లా పడుకోబెట్టుకుని, ఊళ్ళో పసిపిల్లలకి నీళ్ళు పోసే పాపాయి వాడి వీపుకి నూనె రాస్తోంది. నెల నిండిన పిల్లాడు. గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పాపాయికి ఆ ఏడుపు పట్టడం లేదు. నలభై ఏళ్ళుగా వింటున్నదే కదా, ఆమె చెవికి అది కాలవ చప్పుడుతో సమానం.

"ఏడు నాయనా, ఏడు. రేపు మీసాలొచ్చాక ఏడుద్దామన్నా ఎవరూ ఏడవనివ్వరు," అంటూ వాణ్ణి వెల్లకిలా తిప్పింది.

ఛాతీ అయింది, చేతులయ్యాయి, చంకలయ్యాయి. పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఆమె అరచెయ్యి పైకి లేచిపోయింది. వేలి కొసలతో నూనె అలా తాకించి తొడల మీదికి జరిగిపోయింది.

నీళ్ళందిస్తున్న పిల్లాడి తల్లి కృపారాణి అది చూసింది. "ఏంటి పాపాయమ్మా, పొట్ట వదిలేసేవు? బొడ్డు చుట్టూ గట్టిగా రాస్తే గాలి పోద్దని మా అమ్మ చెప్పింది."

"పోద్దిలే అమ్మా. దానంతటదే పోద్ది."

"నీ చెయ్యి పడితే సన్నికల్లు కూడా అరిగిపోద్దనేవారు. ఇప్పుడేమో వీణ్ణి దేవుడి పటం తుడిచినట్టు తుడుస్తున్నావు!"

పాపాయి నవ్వి ఊరుకుంది. నవ్వక ఏం చేస్తుంది? చెప్పుకునే సంగతైతే కదా.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో మీసం మెలేసే మొగాళ్ళలో సగంమంది పాపాయి కాళ్ళ మీద పడుకుని ఏడ్చినవాళ్ళే. సర్పంచి గారు ఆమె చీర తడిపిన సంగతి సర్పంచి గారికి గుర్తుండదు, ఆమెకి గుర్తే. కాపరానికి వచ్చిన కొత్తలో అత్తగారి పక్కన కూర్చుని ఈ పని నేర్చుకుంది. మొగుడు చెరుకు కొట్టే ముఠాలో పనిచేసి, ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. ఒక్కతే కూతురు, నరసాపురంలో లేసు అల్లుకుంటూ కాపరం చేసుకుంటోంది. వచ్చి ఉండమని తల్లిని ఫోన్లో పోరుతూనే ఉంటుంది. "నేనొచ్చేస్తే ఇక్కడి పిల్లలకి నీళ్ళెవరు పోస్తారే?" అంటుంది పాపాయి. పొట్టి మనిషి. నూనెలో నాని నాని ముంజేతులు నల్లగా నిగనిగలాడతాయి. వేడినీళ్ళు పడీ పడీ కాళ్ళ మీద చర్మం పల్చబడి కాగితంలా అయిపోయింది. పండక్కి ఒక చీర, పని ఉన్న ఇంట్లో పూటకింత అన్నం, అంతకు మించి ఆమె ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు.

పిల్లాడి చెవుల్లో ఊది, తుడిచి, అరికాలికి నల్లచుక్క పెట్టి తల్లికి అందించింది. ఇక లేవాలి. లేవబుద్ధి కావడం లేదు. కాలవ అవతల వీరవేణి గారింటికి వెళ్ళాలి ఇవాళ. వాళ్ళమ్మాయి దుర్గాశ్రీకి తలంటాలని నిన్న సాయంత్రం ఫోన్ చేసి మరీ చెప్పారు.

దుర్గాశ్రీకి ఇప్పుడు అయిదో ఏడు. పురిటి స్నానం మొదలు ఆ పిల్ల పాపాయి చేతి మీదే పెరిగింది. ఏడాది దాటాక కూడా వీరవేణి మాన్పించలేదు, ఆదివారం ఆదివారం తలంటు పాపాయిదే. నాలుగో ఏడు రాగానే పిల్ల ఒళ్ళు చేసింది. బూరెల్లాంటి బుగ్గలు, ఎర్రటి మొహం. ఎవరు చూసినా "అబ్బ, ఎంత బొద్దుగా ఉందో, దిష్టి తియ్యండి" అన్నవాళ్ళే. ఆ తర్వాత మొహం మీద వయసొచ్చిన పిల్లల్లా మొటిమలు లేచాయి. పైపెదవి మీద నూగు నల్లబడింది. వీపు మీద, ఇంకా నాలుగేళ్ళ పిల్లకి రాకూడని చోట్ల కూడా వెంట్రుకలు మొలిచాయి. గొంతు బొంగురుపోయింది.

"చిన్నప్పుడు నలుగు సరిగ్గా పడలేదమ్మా. నాదే లోపం," అని పాపాయి నొచ్చుకుంది. అక్కడ ఆడపిల్లల ఒంటి మీద నూగు పోగొట్టేది నలుగే. కస్తూరి పసుపు కలిపి, పెసరపిండి బరకగా విసిరి, వారం వారం పిల్ల చర్మం కందిపోయేలా రుద్దింది. మళ్ళీ వారానికి వెంట్రుకలు ఇంకాస్త ముదిరి కనబడేవి. ఒక ఆదివారం ఎడమ డొక్క కింద ఏదో గట్టిగా చేతికి తగిలింది. మలం గట్టిపడిందనుకుంది. తమలపాకుకి ఆముదం రాసి, వెచ్చజేసి, పొట్ట మీద వేసి మరీ రుద్దింది. ఎన్ని ఆదివారాలో!

అంగన్‌వాడీలో పిల్ల తలనొప్పని ఏడ్చి పడిపోతే తణుకులో పిల్లల డాక్టరు బీపీ చూశాడు. మిషన్ పాడైందేమోనని ఇంకో మిషన్ తెప్పించి చూశాడు. స్కానింగ్ అన్నాడు. అక్కణ్ణుంచి రాజమండ్రి.

రాజమండ్రి డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి వీరవేణికి చెబుతుంటే పాపాయి పక్కనే నిలబడి వింది. బట్టలుతకడానికి, పిల్ల దగ్గర కూర్చోడానికి ఆమెను కూడా తీసుకెళ్ళారు మరి. ప్రతి మనిషికీ మూత్రపిండాల నెత్తిన టోపీ పెట్టినట్టు చెరో గ్రంథి ఉంటుందట. చిక్కుడుగింజంత కూడా ఉండదట పిల్లల్లో. ఒంట్లో ఉప్పు నిలపడం, జ్వరం వస్తే తట్టుకోవడం, భయమేస్తే గుండె కొట్టుకోవడం, అన్నీ దాని చలవేనట. దుర్గాశ్రీకి ఒకవైపు దానిలో కేన్సరు పుట్టి, పిల్ల ఒంట్లోకి పెద్దవాళ్ళ రసాలు వదులుతోందట. పది లక్షల్లో ఏ ఒక్క పిల్లకో వస్తుందట. పాపాయి ఇంతమంది పసివాళ్ళని ఇన్నేళ్ళు చేతుల్లో ఆడించింది, వాళ్ళ లోపల ఇంత కార్ఖానా నడుస్తోందని ఆమెకేం తెలుసు?

ఆపరేషన్ పొద్దున మొదలైతే మధ్యాహ్నం అన్నాల వేళ దాటింది. తలుపు తీసుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. పక్కన నర్సు చేతిలో స్టీలు ట్రే. తీసిందేదో ఇంటివాళ్ళకి చూపించడం మన వైపు మామూలే. పిల్ల తండ్రి అశోక్ ఒక్క క్షణం చూసి గోడవైపు తిరిగిపోయాడు. వీరవేణి కళ్ళు మూసుకుంది. తేరిపార చూసింది పాపాయి ఒక్కతే. చిన్న బత్తాయికాయంత ముద్ద. పైన పల్చటి పొర తడిగా మెరుస్తోంది. ఆమె కళ్ళకంటే ముందు వేళ్ళు గుర్తుపట్టాయి. ఆముదం రాసి తను వారం వారం నలిపింది దీన్నే.

"పిల్ల బాగుంది," అంది డాక్టరమ్మ. ఆవిడ చేతులు బడిపిల్ల చేతుల్లా చిన్నవి. ఆ చేతులు నాలుగేళ్ళ పొట్టలోకి వెళ్ళి, రక్తనాళాల సందుల్లోంచి, మూత్రపిండాన్ని ఉన్నచోటే ఉంచి, దాని నెత్తినున్నదాన్ని మాత్రం ఒలుచుకొచ్చాయి! ఔరా, అవీ చేతులే, తనవీ చేతులే. పాపాయి తనకి తెలియకుండానే లేచి దణ్ణం పెట్టింది. అడగాల్సిన మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది. మర్నాడు బస్సెక్కి ఊరికి వచ్చేసింది. ఆ తర్వాత పిల్లకి మందులెక్కిస్తున్నారని విన్నా, ఇంటికి తెచ్చారని విన్నా, ఆ వీధి తొక్కలేదు. చుట్టుతిరిగైనా రెండో వంతెన మీంచి పోయేది. అప్పట్నించే ఏ పసివాడి పొట్ట మీదా ఆమె చెయ్యి ఆనడం లేదు.

ఇవాళ పాపాయి వెళ్ళేసరికి వీరవేణి పెరటి చప్టా పక్కన కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. వీరవేణి చేతులకి గ్లౌజులు తొడుక్కుని మాత్ర పాలల్లో కలుపుతోంది.

"రా పాపాయమ్మా. ఒట్టి చేత్తో ముట్టుకోకూడదంట ఈ మాత్రలు. ఇంకా చాలాకాలం వెయ్యాలి. రెండోవైపు గ్రంథిని కూడా ఇవి పడుకోబెట్టేస్తాయంట, అందుకని దాని పని చేసే మాత్రలు వేరే ఉన్నాయి. అవి ఒక్కపూట మానినా ప్రమాదమే. మందులెక్కించడానికి ఛాతీలో పెట్టిన గొట్టం తీసేసేరు, పుండు మానింది, ఇక తలకి పొయ్యొచ్చన్నారు. నువ్వే పొయ్యాలని ఇది ఒకటే గొడవ."

తలుపు చాటునుంచి దుర్గాశ్రీ వచ్చింది. బూరె బుగ్గలు లేవు. సన్నగా, పొడుగ్గా ఉంది. మాత్రల మత్తుకి అడుగు కాస్త తడబడుతోంది. రాలిపోయిన జుట్టు మళ్ళీ అరంగుళం మొలిచింది, దానికి ఒక పసుపుపచ్చ క్లిప్పు. పట్టుకోడానికేం లేక అది జారిపోతుంటే చేత్తో అదిమి పట్టుకుంది.

"మామ్మా, నా కోత చూస్తావా?" గొంతు మాత్రం ఇంకా కాస్త బొంగురే. జవాబు కోసం చూడకుండా గౌను ఎత్తేసింది.

పక్కటెముకల కింద అడ్డంగా, ఇంకా గులాబీరంగు పోని గీత. పాపాయి చూపు దానిమీద ఆగలేదు. పైపెదవి చూసింది. పిల్లని వెనక్కి తిప్పి వీపు చూసింది. ఒక్క వెంట్రుక లేదు. మొటిమ లేదు. పసిపిల్ల చర్మం, పుట్టిన కొత్తలో తన కాళ్ళ మీద ఎలా ఉండేదో అలాగే ఉంది. తను ఏడాది రుద్ది సాధించలేనిది, ఎవరూ రుద్దకుండానే, లోపలి ముద్ద పోగానే దానంతటదే రాలిపోయింది.

"శివశివా," అంది పాపాయి. చెయ్యి చాచి, మళ్ళీ ముడుచుకుంది. "నేను పొయ్యలేను అమ్మాయి గారూ. మీరే పొయ్యండి."

"అదేంటి?"

"నా చేతులకి భయమేస్తోందమ్మా." అప్పటిదాకా గొంతులో ఉన్నది ఒక్కసారి బయటపడింది. "అంతలా నలిపేనే, అందువల్లేనా అమ్మా? ఉన్నమాట చెప్పండి. నా వల్లేనా ఆ మందులన్నీ ఎక్కించాల్సొచ్చింది?"

వీరవేణి గ్లౌజులు విప్పి వచ్చి ఎదురుగా తడిచప్టా మీదే చతికిలబడింది.

"నేనూ అదే అడిగేను డాక్టరమ్మ గారిని. పక్కన నిలబడి నీళ్ళందించింది నేనేగా. రుద్దు రుద్దు అన్నదీ నేనే. ఆవిడ ఏమన్నారో తెలుసా? ఏ చేతివల్లా వచ్చేది కాదమ్మా ఇది, కొంతమందికి పుట్టుకలోనే ఆ బీజం ఉంటుంది అన్నారు. ముద్ద పైపొర ఎక్కడా చిట్లలేదంట, ఉన్నదున్నట్టు తీసేరంట. ముద్ద పక్కనున్న చిన్న లింఫు బిళ్ళలో కేన్సరు జాడ కనబడింది, అందుకే మందులెక్కించింది. ఇకమీదట మాత్రం ఎవరి పొట్టలో గట్టిగా తగిలినా రుద్దొద్దు, డాక్టరుకి చూపించమను. అంతే. ఇది నీకు చెబ్దామంటే నువ్వు ఈ వీధే మర్చిపోయేవు."

పాపాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నలభై ఏళ్ళుగా ఎందరి ఏడుపో విన్న మనిషి, తన ఏడుపుని ఆపుకోవడం ఆమెకి చేతకాలేదు. దుర్గాశ్రీ దగ్గరికొచ్చి కాసేపు చూసింది. నెత్తిమీద నిలవని క్లిప్పు తీసి ఆమె తెల్లటి ముడిలో గుచ్చింది. "నీకు ఉంటుంది మామ్మా," అంది.

తర్వాత పాపాయి కాళ్ళు చాపింది. అయిదో ఏటి పిల్ల ఆ కాళ్ళ మీద ఎక్కడ సరిపోతుంది? తల ఒకవైపు, పాదాలు ఒకవైపు వేలాడాయి. ఇద్దరికీ నవ్వొచ్చింది. గోరువెచ్చటి నూనె మాడున పెట్టి, మెడ, భుజాలు, వీపు. పిల్ల కబుర్లాగవు.

"ఎర్ర నీళ్ళు ఎక్కించేరు మామ్మా నాకు. ఉచ్చ కూడా ఎర్రగా వచ్చింది. అమ్మ రక్తం అనుకుని ఏడ్చేసింది. నేను ఏడవలేదు. వాంతి చేసుకున్నా, ఏడవలేదు."

"నువ్వెందుకేడుస్తావే, నువ్వు గెలిచొచ్చేవు."

వెల్లకిలా తిప్పింది. పొట్ట దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ మీదట నెమ్మదిగా దిగింది. నలపలేదు, ఉత్తినే ఆనించింది. కోత మీంచి వేళ్ళు మెల్లగా అటూ ఇటూ తిరిగాయి. గట్టిగా ఏదీ తగల్లేదు. మెత్తటి పొట్ట, ఊపిరితో లేస్తోంది, దిగుతోంది. ఇందులోంచే కదా అంతటి ముద్ద తీశారు, తీసి మళ్ళీ ఇంత చక్కగా మూసేశారు! పాపాయి ఆ ఊపిరిని అలా చూస్తూ ఉండిపోయింది. నీళ్ళు చల్లారుతున్నాయని వీరవేణి గుర్తుచెయ్యాల్సొచ్చింది.

తలారబెట్టాక పిల్లకి నిద్రొచ్చింది. వరండాలో గోడకి చేరబడి పాపాయి మళ్ళీ కాళ్ళు చాపితే, అడక్కుండానే వాటి మీద వాలిపోయింది. వీరవేణి కాఫీ కలపడానికి లోపలికెళ్ళింది. గ్లాసు పట్టుకుని వచ్చేసరికి ఇద్దరూ నిద్రపోతున్నారు. పాపాయి తల గోడకి వాలి ఉంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, అరచెయ్యి పిల్ల పొట్ట మీద ఉంది. లేపడమెందుకని కాఫీ పక్కన పెట్టి వెళ్ళి, కూర తరిగి, మళ్ళీ వచ్చింది. పిల్ల పొట్టతోపాటు ఆ చెయ్యి లేస్తోంది, దిగుతోంది. పాపాయి గుండె మాత్రం లేవడం లేదు. వీరవేణి వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అరిస్తే పిల్ల జడుసుకుంటుందని అరవలేదు. ముందు ఆ చేతిని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టింది, తర్వాత పిల్లని తీసింది.

మధ్యాహ్నానికి కూతురు నరసాపురం నుంచి వచ్చి పడింది. పాపాయి ఇంటి వెనక చప్టా మీద ఆడవాళ్ళు చేరారు. ఊరందరికీ నీళ్ళు పోసిన మనిషికి నీళ్ళు పొయ్యడానికి ఎవరికీ చేతులాడలేదు. వీరవేణి తన ఇంటి కాగుతో వేడినీళ్ళు పట్టించుకుని వచ్చింది. అలాంటి పనులు మన ఇంటివాళ్ళు చెయ్యరని అత్తగారు అంటూనే ఉన్నారు. ఆమె వినిపించుకోలేదు. మణికట్టు మీద పోసుకుని వేడి చూసింది, పాపాయి కూతురితో కలిసి తల కడగడానికి ముడి విప్పింది. క్లిప్పు చేతికొస్తే, వెళ్ళేటప్పుడు తీసుకుందామని పిట్టగోడ మీద పెట్టి, చెంబు అందుకుంది.

ఎండ వాలేసరికి అందరూ పాపాయిని సాగనంపడానికి కాలవగట్టు దాకా వెళ్ళారు. చప్టా ఆరిపోయింది. పిట్టగోడ మీద ఆ పసుపుపచ్చ క్లిప్పు అలాగే ఉంది, పళ్ళ మధ్య రెండు తెల్ల వెంట్రుకలతో.