వెనక సీటు ఎత్తు

నా సీటు మీద వేరే ఆడది కూర్చుంటోందంటే మా ఊళ్ళో ఒక్కరికీ నా మీద జాలి కలగలేదు. పైగా మెచ్చుకున్నారు. "మీ ఆయనది ఎంత మంచి మనసమ్మా" అని పోస్టాఫీసులో ఒకావిడ, చర్చి మెట్ల మీద ఇంకొకావిడ. ముప్ఫై ఏళ్ళుగా ఆ మనసుతో కాపురం చేస్తున్నదాన్ని, అది ఎంత మంచిదో నాకు వీళ్ళు చెప్పాలా?

మాకో జంట సైకిల్ ఉంది. ముందు సీటు నా భర్త రెజీస్‌ది, వెనక సీటు నాది. ఇరవై ఆరేళ్ళు, వాన లేని ప్రతి ఆదివారం, మా ఊరు వెర్నేలో చర్చి వెనకనుంచి కాలువ గట్టు పట్టుకుని, నీటి మర దగ్గర వంతెన దాటి, రొష్‌బ్రూన్ గుట్ట ఎక్కి, పైన పాత కోట గోడ కింద కాఫీ తాగి ఇంటికి వచ్చేవాళ్ళం. పోయిన చలికాలం నా కుడి మోకాలి చిప్ప మార్చారు. "నడవండి, ఈత కొట్టండి, ఆ సైకిల్ సంగతి మాత్రం మర్చిపోండి" అన్నాడు డాక్టరు. ఆయనకేం, సులువుగా అనేశాడు.

ఏప్రిల్‌లో జిల్లా అంధుల సంఘం నుంచి ఫోన్ వచ్చింది. జంట సైకిల్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఆదివారాలు చూపులేని వాళ్ళని వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తారా అని. రెజీస్ నన్ను అడిగాడు. నేనే సరేనన్నాను. అలాంటి వాళ్ళని కాదంటే ఏం బాగుంటుంది? వచ్చేది ఏ ముసలాయనో అనుకున్నాను. వచ్చింది ఒడీల్. నలభై నాలుగేళ్ళు, ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేస్తుంది. పిక్కలు చూస్తే కొయ్యతో చెక్కినట్టున్నాయి.

ఆ వెనక సీటు తోలుది. కొన్నప్పుడు రాయిలా ఉండేది. మెత్తబడటానికి రెండేళ్ళు పట్టింది, నా ఒంటికి తగ్గట్టు దిగడానికి ఇంకో రెండేళ్ళు. ఒడీల్ నాకంటే పొట్టి. ఆమె కోసం రెజీస్ ఆ సీటు నాలుగు వేళ్ళు కిందికి దింపాడు. ఆదివారం సాయంత్రం నేను షెడ్డులోకి వెళ్ళి, నా ఎత్తుకి ఎర్ర టేపు చుట్టిన చోటికి మళ్ళీ పైకి లేపాను. తర్వాతి ఆదివారం పొద్దున అతను దింపాడు. సాయంత్రం నేను లేపాను. ఇలా రెండు నెలలు. ఒకరినొకరం ఒక్క మాట అనుకోలేదు.

అనుకోవడానికి అతను మాట్లాడితేగా. రెజీస్ నోటినుంచి మాట రాబట్టడం కంటే బావిలో పడ్డ చెంబు తియ్యడం సులువు. సైకిల్ మీద నేనే వాగేదాన్ని. వెనక కూర్చున్నదానికి తొక్కడం, పక్కలకి చూడటం తప్ప పనేముంటుంది? అతను "ఊఁ" అనేవాడు. చాలాసార్లు అదీ లేదు. గాలి నా మాటల్ని ఎత్తుకుపోతోందని సరిపెట్టుకునేదాన్ని.

అలాంటిది జూన్‌లో ఒక మంగళవారం, రొట్టెల దుకాణంలో పొలెట్ నాకు చిల్లర ఇస్తూ అంది, "ఏమమ్మా సొలాంజ్, మీ ఆయనకి మాటలెప్పుడొచ్చాయి?"

"ఏ మాటలు?"

"నా దగ్గరికొస్తే రొట్టె వైపు వేలు చూపిస్తాడు గానీ పేరు కూడా పలకడే. మొన్న ఆదివారం కాలువ దగ్గర ఎదురయ్యాడు. ఆ వెనకమ్మాయికి రేడియోలా ఒకటే చెప్పడం. నాకైతే ముచ్చటేసింది."

నాకు వెయ్యలేదు. ఇంటిదాకా రొట్టెని పిసికేస్తూ వచ్చాను. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. నా భయం ఒక్కటే, అది చెప్పుకోడానికి సిగ్గు లేదు. ఆమెని ముద్దు పెట్టుకుంటాడని కాదు. నా దగ్గర ముప్ఫై ఏళ్ళు మూగవాడిగా ఉన్నవాడు, నేను లేనిచోట వేరే మనిషి అయిపోతున్నాడని. ఆ వేరే మనిషి నాకెందుకు దొరకలేదు?

మరుసటి ఆదివారం వాళ్ళు బయల్దేరాక కారు తీశాను. అడ్డదారిన మర దగ్గరికి వెళ్ళి, వంతెన పక్కన బట్టలుతికే పాత చావడి గోడ వెనక నిలబడ్డాను. యాభై ఎనిమిదేళ్ళ ఆడది, కొత్త మోకాలితో, దొంగలా. సైకిల్ వచ్చింది. రెజీస్ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, గొంతు మాత్రం ఆగడం లేదు. "... ఎడమ పక్క మర. రెండో అంతస్తులో నీలం కిటికీ..." మిగతాది వినపడలేదు. ఒడీల్ పకపకా నవ్వింది. ఆ నవ్వు మలుపు తిరిగేదాకా వినిపించింది. నేను మర వైపు కనీసం తలెత్తి చూడలేదు.

ఆ వారం నేను చేసింది చెప్తే నవ్వుతారు. సీటు బిగించే అలెన్ కీ తీసి పిండి డబ్బాలో దాచాను.

ఆదివారం పొద్దున ఒడీల్‌ని వాళ్ళ అక్క కారులో దింపి వెళ్ళింది. సీటేమో నా ఎర్ర టేపు దగ్గరే ఉంది. రెజీస్ షెడ్డంతా కిందా మీదా చేస్తున్నాడు. ఒడీల్‌ని వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇవ్వక తప్పలేదు.

"మీ నడక వింటున్నాను సొలాంజ్ గారూ" అంది. "కుడి కాలిని ఇంకా నమ్మట్లేదు మీరు. ధైర్యంగా మోపండి, అదేం చెయ్యదు."

మొగుడు చాలక మోకాలి దాకా వచ్చింది అనుకున్నాను. "అలాగే" అన్నాను.

ఆమె గొంతు తగ్గించింది. "ఒకటి అడుగుతాను. రెజీస్ గారితో అనకండి. కాలువ గట్టు మీద పాప్లర్ చెట్లు ఉన్నాయా?"

"ఎందుకు?"

"ప్రతివారం చెప్తారు. రెండు వరసల చెట్లు, పెళ్ళివారిని చూడ్డానికి నిలబడ్డట్టు ఉంటాయని. నా చేతుల మీద నీడే పడట్లేదు మరి. ఆకుల చప్పుడూ లేదు."

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. "లేవు. కొట్టేసి ఆరేళ్ళయింది. ఆయన మీకు అబద్ధాలు చెప్తున్నాడు" అన్నాను. అంటుంటే ఎంత హాయిగా ఉందో.

ఆమెకి కోపం రాలేదు. "అలాగా. అయితే మర కిటికీ కూడా లేదా? నీలం రంగుది, ఒక తలుపు వంకరగా వేలాడుతూ, తాగొచ్చిన మొగుడు గుమ్మం పట్టుకుని నిలబడ్డట్టు ఉంటుందట."

నా చేతిలో కాఫీ గిన్నె బల్ల మీద పెట్టేశాను. ఆ మరని ఎప్పుడో పట్నం వాళ్ళు కొని కిటికీలన్నీ బూడిద రంగు చేశారు. వంకర తలుపు పీకేశారు. ఆ తాగొచ్చిన మొగుడు మాట ఎవరిదో నాకు తెలుసు.

"ఇంకా ఏం చెప్పాడు?"

"చర్చి వెనక పెద్దబాతు. మేయరులా నడుస్తుందట, ఎవరూ దండం పెట్టకపోయినా. తర్వాత దుప్పట్లు ఆరేసే ముసలమ్మ. ఎప్పుడూ నోట్లో క్లిప్పులుంటాయి కాబట్టి ఊళ్ళో చాడీలు చెప్పని మనిషి ఆవిడొక్కతేనట."

ఆ బాతుని ఏదో క్రిస్మస్‌కి తినేశారు. ఆ ముసలమ్మ పోయి పదేళ్ళు. అవన్నీ నా మాటలు. ముందు కూర్చుని తొక్కేవాడికి రోడ్డు మీద గులకరాళ్ళు, గుంటలు తప్ప ఏం కనిపిస్తాయి? ఇరవై ఆరేళ్ళలో రెజీస్ ఆ దారిని ఒక్కసారి కూడా చూడలేదు. విన్నాడంతే. ఒక్క ముక్క పోగొట్టుకోకుండా విన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, చావడి గోడ గుర్తొచ్చి సిగ్గూ వేసింది. అసూయ తగ్గిందని మాత్రం అనుకోకండి. అతని గొంతులో నా మాటలు విని ఆమె నవ్వుతోంది, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఒక్కచోట మాత్రం ఏమీ చెప్పరు" అంది ఒడీల్. "రొష్‌బ్రూన్ గుట్ట. మూడు కిలోమీటర్లు, నోరు విప్పరు. ఆయాసమేమో అనుకున్నా. అడిగితే, 'అక్కడేముందో నాకు తెలీదు, ఎవరూ చెప్పలేదు' అన్నారు. మీరు చెప్పండి, ఏముంది అక్కడ?"

ఆ గుట్ట మీద నాకు మాట్లాడే ఊపిరి ఉండేది కాదు.

"సొలాంజ్, ఆ కీ ఏమైనా చూశావా?" షెడ్డులోంచి రెజీస్ కేక.

పిండి డబ్బాలో చెయ్యి పెట్టి తీశాను. షెడ్డులోకి వెళ్ళి, అతని చేతికివ్వకుండా నేనే వంగి, సీటు నాలుగు వేళ్ళు దింపి బిగించాను. రెజీస్ కీకి అంటిన పిండి చూశాడు, నా మోచేతి దాకా ఉన్న పిండి చూశాడు.

"ఊఁ" అన్నాడు.

ఒడీల్ గోడ పట్టుకుంటూ వచ్చి సైకిలెక్కింది. "గుట్ట సంగతి చెప్పలేదు మీరు."

"ఏముంటుంది, రాళ్ళూ ముళ్ళపొదలూ" అన్నాను.

వాళ్ళు వెళ్ళిపోయారు. గుట్ట మీద రాళ్ళున్నాయో పొదలున్నాయో నాకూ తెలీదు. ఇరవై ఆరేళ్ళు అక్కడ నేను చూసింది రెజీస్ వీపు. చెమట ముందు మెడ కింద మొదలయ్యేది. రెండో మలుపుకి భుజాలకి పాకేది. కోట గోడ కనిపించేసరికి చొక్కా మొత్తం తడిసి వెన్నెముక ఒక్కో పూసా కనిపించేది. అది నేను రెజీస్‌కి కూడా చెప్పలేదు. ఆమెకి చెప్తానా.