తిరగబడిన నెలవంక

హార్లెమ్ పట్టణంలో రాగిరేకు మీద బొమ్మ చెక్కడంలో ఫ్లోరిస్‌ను మించినవాడు లేడని పేరు. పేరు నిజమే, కాకపోతే అది మూడేళ్ల కిందటి మాట. ఆయన చేయి వణకడం మొదలయ్యాక ఉలి పట్టింది భార్య నేల్చె. ఈ సంగతి అచ్చుశాల యజమాని టేవ్నిస్‌కు తెలిస్తే పని ఇంకో ఇంటికి పోతుంది. అందుకే ఆయన వచ్చినప్పుడల్లా ఆమె బుద్ధిగా ఉల్లిపాయలు తరుగుతూ కనిపించేది.

ఆ రోజు టేవ్నిస్ వస్తూనే రాగిరేకు బల్లమీద పెట్టి, దాని అచ్చుకాగితం పక్కన పరిచాడు. పూర్వం సూర్యచంద్రులకూ గ్రహాలకూ కట్టిన బలిపీఠాల పుస్తకంలోది ఆ బొమ్మ. పొగ, పూజారులు, పొట్టేలు అన్నీ బాగానే కుదిరాయి. పైన నెలవంకే అటుది ఇటైంది.

"పెరిగే చంద్రుడికి పూజ అని నేను పేజీ నిండా రాయించుకుంటే, నువ్వు తరిగే చంద్రుణ్ని పెట్టావేంటయ్యా?"

ఉల్లిపాయలు తరుగుతున్న నేల్చెకు తన తప్పు తెలిసొచ్చింది. రాగి మీద తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. బొమ్మంతా తిప్పి చెక్కి, చివర్లో అలసటలో చంద్రుణ్ని మాత్రం నమూనా చిత్తరువులో ఉన్నట్టే దించేసింది.

"పొరపాటు నాదే," అన్నాడు ఫ్లోరిస్. "ముసలాణ్నయ్యాను కదా."

నలభై ఏళ్లలో ఒక్క తప్పూ ఒప్పుకోని మనిషి! నేల్చెకు ఏడుపొచ్చింది.

"సరే, నా ముందే దిద్దు. రేపు అచ్చు ఎక్కాలి."

తప్పించుకునే దారి లేదు. పాత గీతలు గీకి, వెనకనుంచి సుత్తితో తట్టి చదును చేసేవరకూ ఫ్లోరిస్ ఎలాగో నెట్టుకొచ్చాడు. రేకును ఇసుక దిండు మీద పెట్టి ఉలి అందుకునేసరికి మొన గజగజలాడింది.

నేల్చె కత్తి పక్కన పడేసి వచ్చింది. "చెయ్యి బల్లకేసి అదిమిపట్టు. కదలకు. తిప్పడం నేను చూసుకుంటా."

వంపు గీతకు ఉలి కదలక్కర్లేదు, కింద రేకు తిరిగితే చాలు. ఆమె నెమ్మదిగా తిప్పుతుంటే రాగి సన్నటి పోగులా లేచింది.

టేవ్నిస్ ఆమె చేతులే చూస్తున్నాడు. "ఎన్నేళ్లుగా అమ్మా?"

"మూడు."

"మూడేళ్లూ నన్ను ఉల్లిపాయలతో ఏమార్చారన్నమాట!"

ఆయన టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. నేల్చె ఉండబట్టలేక అడిగింది, "మరి తర్వాతి రేకు?"

"సూర్యుడి పీఠం. రేపు పంపిస్తా. ఆయన గుండ్రంగా ఉంటాడు, ఎటు చెక్కినా గొడవలేదు."

తలుపు మూసుకున్నాక ఫ్లోరిస్ ఉలి ఆమె చేతిలో పెట్టాడు. "రేకు మీద నా పేరు పక్కన చోటుంది. నీది కూడా చెక్కు. తిరగేసి చెక్కడం మర్చిపోకు."