అమ్మకి తెలియని గింజలు

సాయంత్రం ఆరున్నరకి పని నుంచి రాగానే అక్క చేతులకంటిన సుద్దపొడి కడుక్కునేది, ఆ తడిచేత్తోనే బియ్యం కడిగేది. యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో ఆమె కటింగ్ మాస్టరు. కుట్టేవాళ్ళూ, వీధిలోవాళ్ళూ, ఆఖరికి యజమానురాలు కూడా ఆమెని అక్కా అనే పిలిచేవాళ్ళు. నిజానికి ఆమె ఒక్కడికే అక్క. ఆ ఒక్కడు వీధి మలుపులో గడియారాలు బాగుచేసేవాడు.

గిన్నె వేడెక్కగానే అందులోంచి అమ్మ మాట్లాడేది. అమ్మ పోయి పదకొండేళ్ళయింది. ముప్ఫై ఏళ్ళు ఒకే గిన్నెలో వండిన మనిషి గొంతు ఆ గిన్నెలో ఉండిపోయిందంటే అందులో వింతేముంది? ఎదురింటి టీ కెటిల్లో వాళ్ళ తాతగారు దగ్గేవారు. ఆ దగ్గు వినపడితే వాళ్ళు స్టవ్ ఆపేసేవాళ్ళు. అమ్మవి మూడే మాటలు. నీళ్ళు కాగేటప్పుడు, రెండుసార్లు కడిగావా అని అడిగేది. పొంగు రాగానే మంట తగ్గించమనేది. మూత టకటకలాడి ఊరుకున్నాక మాత్రం కాస్త మెత్తగా, "తమ్ముడొచ్చాక తిందువుగాని," అనేది.

వాడు నెలలు నిండకుండా పుట్టాడు. అప్పుడు అక్కకి తొమ్మిదేళ్ళు. అమ్మ లాండ్రీలో పొద్దుటినుంచీ బట్టలుతికి, నానిపోయిన వేళ్ళతో వచ్చి పొయ్యి ముందు కూర్చునేది. నాలుగు మెతుకులు వాడి నోట్లో పడితే చాలు, ఆ పూటకి గండం గడిచినట్టే. అక్క ఖాళీ కంచం ఒళ్ళో పెట్టుకుని, వాడు ఎన్ని ముద్దలు తిన్నాడో చూస్తూ కూర్చునేది. ఆకలేసేది నిజమే. కానీ అమ్మ భుజానికి ఆనుకుని, తడిసిన చీరలోంచి వచ్చే సబ్బు వాసన పీలుస్తూ ఎదురుచూడటం ఆమెకి ఎంత ఇష్టమో చెప్పలేం.

వాడికిప్పుడు నలభై నాలుగు. ఊళ్ళో గడియారాలన్నీ సరిచేసే మనిషి ఒక్కరోజైనా వేళకి ఇంటికొచ్చిన పాపాన పోలేదు. అక్క మాత్రం వాడొచ్చేదాకా కంచం ముట్టేది కాదు.

ఆ ఏడు తమ్ముడు చిక్కి సగమయ్యాడు. ఏం తిన్నా కడుపుబ్బరం. పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ తేల్చి చెప్పింది. గోధుమలో ఉండే గ్లూటెన్ ఇతనికి పడదు, కాబట్టి రొట్టె, బిస్కెట్టు పూర్తిగా మానేయాలి. బియ్యంలో ఆ గొడవ లేదుగానీ షుగరు అంచు మీదుంది, అందుకని రెండుపూటలా అన్నం కుదరదు. రాత్రిపూట క్వినోవా అనే గింజలు వండుకోమని చీటీ మీద రాసిచ్చింది. ఆ పేరు చూసి తమ్ముడు, ఇదేదో మందు సీసా మీది పేరులా ఉందే అన్నాడు.

మొదటిరోజు అక్క ఆ గింజల్ని బియ్యంలాగే పైపైన కడిగి గిన్నెలో పడేసింది. వండితే చేదు. తమ్ముడు రెండు చెంచాలు తిని ఆగిపోయాడు.

"చేదుదేముంది అక్కా, మింగేస్తాను. అమ్మ పలకలేదేం?"

అక్కకీ అదే దిగులు. గిన్నె నీళ్ళు మరిగించింది తప్ప నోరు విప్పలేదు.

మర్నాడు గింజలు అమ్మిన కొట్లో ఆమెని అడిగి కిటుకు తెలుసుకుంది. సన్నటి జల్లెడలో పోసి నురగ పోయేదాకా కడగాలట. ఆ నురగలోనే ఉందట చేదంతా. కప్పు గింజలకి రెండు కప్పుల నీళ్ళు, సన్నసెగ మీద పావుగంట, దించాక మూత తీయకుండా ఐదు నిమిషాలు. అక్క అలాగే చేసింది. గింజలు విచ్చుకుని, ఒక్కోదాని నుంచీ తెల్లటి తోక, తెగిన దారప్పోగులా బయటికొచ్చింది. అప్పుడు గిన్నె గొంతు సవరించుకుంది.

"ఇవేం గింజలే అమ్మాయ్?"

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పదకొండేళ్ళలో అమ్మ అన్న కొత్తమాట అదే.

ఆ రోజునుంచీ అమ్మ అడిగేది, అక్క చెప్పేది. ఎన్ని నీళ్ళు పోశావంది. ఉడికిందని ఎలా తెలుస్తుందంది. క్యారెట్ ముక్కలు ముందు వేయాలా తర్వాతా అంది. తనకి తెలియని వంట కదా, అజమాయిషీ చేయడానికేమీ లేదు పాపం. గింజల సంగతులు అయిపోయాక మిగతావి మొదలుపెట్టింది. కత్తెర పట్టి పట్టి బొటనవేలు నొప్పెడుతోందా అంది. అక్క జవాబులు చెబుతూ చెబుతూ, బతికుండగా ఇవన్నీ మాట్లాడుకోవడానికి తామిద్దరికీ తీరికే దొరకలేదని గ్రహించింది.

ఒక ఆదివారం తమ్ముడు కొట్టు తెరవలేదు. అక్క గిన్నె దించి, ఐదు నిమిషాలు గడవాలని పక్కనే నిలబడింది. వంటింటి గుమ్మంలో తమ్ముడున్నాడు. మూత కింద నుంచి అమ్మ మెల్లగా అడిగింది.

"నువ్వు తిన్నావా?"

ఆ ప్రశ్న ఎప్పుడూ ఎవరూ అక్కని అడగలేదు. తమ్ముడు వచ్చి ఆమె చేతిలో గరిటె తీసుకున్నాడు. కుర్చీ లాగి కూర్చోబెట్టి, కంచంలో వడ్డించి, తను ఎదురుగా ఊరికే కూర్చున్నాడు. ఆమె తింది. కళ్ళు తుడుచుకుంటూనే తింది. మారు వడ్డిస్తే కాదనలేదు.

అప్పుడు చెప్పింది. రేవుపట్నంలో కొత్త వర్క్‌షాపు పెడుతున్నారు, అక్కడి కటింగ్ విభాగం మొత్తం ఆమె చేతుల్లో పెడతాం, వెళ్ళమని యజమానురాలు మూడోసారి అడిగింది.

"మొదటి రెండుసార్లూ ఏమన్నావు?"

"కుదరదన్నాను. నీకు వండేదెవరు?"

తమ్ముడు గిన్నె తన వైపు జరుపుకున్నాడు. "నీళ్ళెన్నో అమ్మకి నేను చెప్తాను. నువ్వెళ్ళు అక్కా," అన్నాడు.

నెల తిరక్కుండా ఆమె వెళ్ళింది. గిన్నె వాడికే వదిలేసింది. కొత్త ఊళ్ళో కిటికీలోంచి ఓడల పొగగొట్టాలు కనబడే ఒంటిగది. మొదటి సాయంత్రం, పన్నెండుమంది చేత బట్ట కత్తిరింపజేసి వచ్చి, కొత్త గిన్నెలో కాసిన్ని గింజలు వండుకుంది. కొత్త గిన్నె ఏమీ మాట్లాడలేదు. వీధిలో ఎవరి అడుగులో వినపడితే అలవాటుకొద్దీ తల తిప్పి, తనలో తనే నవ్వుకుంది. పొయ్యి మీంచి దించినదాన్ని దించినట్టే కంచంలో పెట్టుకుని నోట్లో పెట్టుకుంది. నాలుక చురుక్కుమంది. ఇంత వేడివేడిగా తినడం ఆమెకి ఇదే మొదలు. ఊదుకుని తినాలన్న సంగతి ఎవరూ నేర్పలేదు. రెండో చెంచా ఊదుకుని తింది.