జశ్వంత్ మూసిన తొవ్వ

తాముండే మౌంట్ రాస్కిల్ పేట నుంచి బయల్దేరిన ఎనిమిది మందికీ కిషన్‌రావు దారి పొడవునా ఒకటే చెప్పాడు. మంచుకొండల్లోని హట్‌కు నడిచి వెళ్లడానికి మనకే ఇబ్బందీ ఉండదు, అక్కడ దారి చూసే డ్యూటీలో ఉన్నది మన జశ్వంతే. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఆ పిల్లాడు రెండేళ్లు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. తన భార్య ఇందిరాదేవి చేతి పచ్చిపులుసు తిన్నవాడు కాదంటాడా?

కాదన్నాడు. దారి మొదట్లోనే అడ్డంగా గొలుసు, పక్కన ప్రమాదం ఎక్కువని ఎర్ర బోర్డు. ఆకాశంలో మాత్రం మబ్బు తునక లేదు, ఎండ ఫెళ్లున కాస్తోంది. రాత్రంతా వాయవ్యం గాలి కొత్త మంచును ఎత్తి అవతలి వాలు మీద పోసిందనీ, అడుగునున్న గట్టి పొరకు అది అతుక్కోలేదనీ, మనిషి కాలు పెడితే చరియ మొత్తం జారుతుందనీ జశ్వంత్ ఓపిగ్గా వివరించాడు.

కిషన్‌రావుకు తల కొట్టేసినట్టయింది. జశ్వంత్‌ను పక్కకు తీసుకెళ్లి మొదట బతిమాలాడు, తర్వాత పాత రోజులు గుర్తు చేశాడు. అలా గుర్తు చేయడం బాగోదని ఆయనకూ తెలుసు. కానీ వెనక ఎనిమిది మంది చూస్తున్నారాయె.

"మనోనివే గదరా. ఒక్కసారి పోనియ్యి."

జశ్వంత్ తల దించుకోలేదు. "మీరొస్తుండ్రనే పొద్దుగాల రెండుచోట్ల తవ్వి చూసిన అంకుల్. ఒక్కచోట చూస్తే సరిపోతుండె. ఎక్కడన్న మంచిగుంటే మిమ్ముల పంపుదామని ఇంకోచోట గూడ తవ్విన. పార ఆనంగనే రెండూ జారినయ్."

అతని ప్యాంటు నడుము దాకా తడిసి గడ్డకట్టి ఉంది.

అంతలో స్కీలు భుజానేసుకుని ఇద్దరు ముసలి కివీలు, ఆ దేశస్థులే, వచ్చారు. ఎండకూ చలికీ కమిలిన ఆ మొహాలు చూస్తేనే తెలుస్తోంది, వాళ్లు ఆ కొండల్లోనే పెరిగారని. జశ్వంత్‌ను ఏదో అడిగారు. అతను చెప్పిందంతా చెవులు రిక్కించి విన్నారు. థాంక్స్ చెప్పి, మారుమాటాడకుండా కారు వైపు తిరిగి నడిచారు.

వాళ్లు వెళ్తుంటే చూస్తూ నిలబడ్డ కిషన్‌రావుకు ఉన్నట్టుండి గుండె నిండిపోయింది. ఇంత గర్వం తన కొడుకు డిగ్రీ పట్టా అందుకున్నప్పుడు కూడా కలగలేదు. జశ్వంత్ భుజం తట్టి వ్యాన్ దగ్గరికి వచ్చాడు.

గుంపులో నోటి దురుసు రవిచంద్రకే ఎక్కువ. మీవాడుండి కూడా పని కాలేదా అంకుల్ అని ఎకసెక్కంగా అడిగాడు.

కిషన్‌రావు అందరికీ వినపడేలా గొంతు పెంచాడు. "మావోడున్నడు గాబట్టే కాలే."