పంచె కట్టిన లోవరాజు

నేను ఒక నాయకుడి విగ్రహాన్ని. ఏ నాయకుడని అడక్కండి. పుట్టినప్పుడు ఆ సంగతి నాకూ తెలీదు, నన్ను చేసినవాడికీ తెలీదు. పేరుకి కంచు విగ్రహం, గోరుతో గీకి చూస్తే ఫైబరు. లోపలంతా డొల్ల, పైన రెండు పూతల రంగు. నాయకుడి విగ్రహానికి ఇంతకంటే తగిన సరుకు ఇంకోటి లేదని నా నమ్మకం.

నన్ను చేసింది అప్పలాచారి. సముద్రం ఒడ్డునున్న ఈ నగరానికి పది మైళ్ళ అవతల, హైవే పక్కన ఆయనకో రేకుల షెడ్డుంది. అక్కడ పని జరిగే తీరు వింటే మీకు నవ్వొస్తుంది. ఒంటికి ఒకటే అచ్చు. పంచె, లాల్చీ, భుజాన కండువా, పైకెత్తిన కుడిచెయ్యి. ఏ పార్టీవాళ్ళొచ్చి అడిగినా ఆ అచ్చులోంచే ఒక ఒళ్ళు పోసి పక్కన నిలబెడతాడు. తల మాత్రం ఫోటో చూసి విడిగా చేసి, మెడ దగ్గర నాలుగు బోల్టులు బిగిస్తాడు. బతికున్నన్నాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోని పెద్దమనుషులు, పోయాక ఒకే పంచె కట్టుకుని వేరువేరు జంక్షన్లలో నిలబడ్డారు. ఇంత జనంలో ఒక్కడైనా పోల్చుకున్నాడా? లేదు. మీరు విగ్రహాలు పెడతారు గానీ వాటివంక చూడరు.

నాకు ఆర్డరిచ్చిన పార్టీ, తల ఎవరిదో తేల్చేలోగా ఎన్నికల్లో ఓడిపోయింది. మళ్ళీ ఎవరూ రాలేదు. తల లేకుండా ఆ షెడ్డులో రెండేళ్ళు నిలబడ్డాను. తల లేకుండా ఇదంతా ఎలా గమనించావని అడుగుతారేమో. మిమ్మల్ని ఏలినవాళ్ళని ఎప్పుడైనా ఆ ప్రశ్న అడిగారా? నన్నే ఎందుకడగాలి?

రెండేళ్ళ తర్వాత నాకో తల దొరికింది. అది నాయకుడిది కాదు. లోవరాజు అనే మనిషిది. నగరపాలక సంస్థలో మురుగుకాలవల పని చేసేవాడు. ఒకరోజు మధ్యాహ్నం జంక్షన్లో మ్యాన్‌హోల్ పూడుకుపోతే ఇద్దరు కుర్రాళ్ళు లోపలికి దిగారు. దిగినవాళ్ళు దిగినట్టే స్పృహ తప్పారు. పైనున్న లోవరాజు ముక్కుకి తువ్వాలు కట్టుకుని దూకాడు. ఒకణ్ణి భుజానెక్కించుకుని పైకి తోశాడు, రెండోవాణ్ణీ తోశాడు. మూడోవాడు తనే. తోసేవాడు లేడు. ఆ ఇద్దరూ బతికారు. పేపర్లో నాలుగు లైన్లు పడ్డాయి, అందులోనూ పేరు తప్పు వేశారు.

వాళ్ళ కాలనీ జనమంతా కలిసి అప్పలాచారి దగ్గరకొచ్చారు. కొత్తగా చేయించుకునే తాహతు వాళ్ళకి లేదు. మూలనున్న నన్ను చూపించి, ఇతనికే మా లోవరాజు తల పెట్టండి అన్నారు. లోవరాజు భార్య నూకరత్నం నా చుట్టూ ఒకసారి తిరిగి మొహం చిట్లించింది.

"పంచేటి బాబూ? మా ఆయన పంచె కట్టింది పెళ్ళినాడొక్కనాడే. ఈ సెయ్యేటి, ఎవులికి ఊపుతన్నాడు?"

అప్పలాచారి రంపం అందుకున్నాడు. కావాలంటే చెయ్యి కోసేసి కిందకి దించుతానన్నాడు. ఆవిడ నా చెయ్యివంక చాలాసేపు చూసింది.

"ఒద్దులే. ఉండనీ. ఆ పిల్లల్ని పైకి తోసింది ఈ సెయ్యే."

నిజం చెబుతున్నాను, అప్పటిదాకా నా చెయ్యి అంటే నాకే అసహ్యం. వేదికల మీద అబద్ధాలు చెప్పడానికి పుట్టిన చెయ్యి అది. ఆ మాట విన్నాక మొదటిసారి దాన్ని చూసి గర్వపడ్డాను.

ఫోటో దగ్గర చిక్కొచ్చింది. లోవరాజు మొహం ఉన్నది రేషన్ కార్డులో ఒక్కచోటే, అదీ తుఫానుకి తడిసి మచ్చయిపోయింది. అప్పలాచారి మట్టి ముద్ద ముందు పెట్టుకుని కూర్చుంటే ఆవిడ పక్కన కూర్చుని చెప్పడం మొదలెట్టింది. ముక్కు ఇంకొంచెం చప్పిడి. ఎడమ కనుబొమ్మ మీద గాటు. కింది పెదవి లావు. చెప్పి చెప్పి విసుగొచ్చి, "నువ్వు లే బాబూ" అని ఆయన్ని జరిపి తనే మట్టిలో వేళ్ళు పెట్టింది. చేపలు కడిగిన చేతులు, చీపురు పట్టిన చేతులు. మూడోరోజు సాయంత్రం ఆ మట్టి మొహాన్ని చూసి గొల్లుమని ఏడ్చింది. అంటే పోలిక కుదిరిందని అర్థం. ఇప్పుడీ లోకంలో లోవరాజు మొహం ఉన్నది నా మెడ మీద ఒక్కచోటే.

అలా నేను పంచె కట్టిన లోవరాజునై, అతను పోయిన జంక్షన్లోనే నిలబడ్డాను. కింద నాపరాతి మీద అతని పేరు. భర్త బదులు నూకరత్నానికి ఉద్యోగమిచ్చారు, ఊడ్చే ఉద్యోగం. ఆవిడ డ్యూటీ ఆ జంక్షనే. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో నా మొహం తుడిచేది. పిల్ల చదువు దగ్గర్నుంచి పక్కింటి గొడవ దాకా అన్నీ చెప్పేది. నేను వినేవాణ్ణి. ఈ నగరంలో ఒక విగ్రహంతో మనసు విప్పి మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

మిగతావాళ్ళు వచ్చేవారు, ఎందుకు రారు! ఉద్యోగాలు పోయినవాళ్ళు ఊరేగింపుగా వచ్చి నా కాళ్ళ దగ్గర వినతిపత్రం పెట్టి ఫోటోలు దిగేవారు. తీసుకునే అధికారి లేక విగ్రహానికిస్తున్నామని నినాదాలు. నేనూ చదవలేదు, ఆఫీసు పద్ధతి నాకూ అబ్బింది మరి. ఎన్నికల కోడ్ వచ్చిందంటే పై వీధిలోని నాయకులతో పాటు నా తలకీ గోనెసంచి తొడిగేవారు. నేను ఏ పార్టీయో తేల్చుకోవడం వాళ్ళకి చేతకాలేదు. పార్కులో ఒక తెల్లదొర ఉన్నాడు, పేరున్న పలక ఎప్పుడో ఊడిపోయింది. ఆయనకీ ఏటా ఎవరో ఒకరు దండ వేస్తారు. ఎవరికని వేశారో వేసినవాడికీ తెలీదు.

ఇలా తొమ్మిదేళ్ళు గడిచాయి. అప్పుడు సత్యకిరణ్ గారి కన్ను నా మీద పడింది. ఆయన ఆ వార్డు కార్పొరేటర్. తండ్రి కోదండపాణి గారు, పెద్ద కాంట్రాక్టరు, పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి జంక్షన్లో నాన్నగారి విగ్రహం లేవాలి, మంత్రి గారు ముసుగు తీయాలి. మంత్రి గారికి ఖాళీ ఉన్నది ఒకటే రోజు, దానికి ఇంకా అయిదు రోజులే ఉంది. ఆ మర్నాడు కోడ్ వచ్చేస్తుందని అందరికీ తెలుసు. అయిదు రోజుల్లో విగ్రహమెక్కడ దొరుకుతుంది? ఆయన కారులోంచి నన్ను చూశాడు. పంచె ఉంది, కండువా ఉంది, చెయ్యి ఎత్తే ఉంది. "ఒళ్ళు రెడీగా ఉందిగా, తల మార్చండి" అన్నాడు పక్కనున్న ఇంజనీరుతో. ఒక మనిషి చావు ఆయనకి బోల్టుల పనిగా కనిపించింది.

నూకరత్నం విని పరుగున ఆఫీసుకెళ్ళింది. తిరిగొచ్చి ఆ సంగతంతా నాకు చెప్పింది. ఈ విగ్రహానికి అనుమతి పత్రం ఉందా అని గుమాస్తా అడిగాడట.

"ఆయన లోపలికి దిగినప్పుడు ఏ పత్రం అడిగారు బాబూ?" అందట ఆవిడ.

గుమాస్తా కళ్ళద్దాలు సర్దుకుని, అది వేరే సెక్షనమ్మా అన్నాడట.

పోనీ, తల తీశాక అదైనా నాకిచ్చేయండని బతిమాలింది. అనుమతి లేని కట్టడం కాబట్టి తీసింది స్టోర్‌కెళ్ళాలట, స్టోర్‌కెళ్ళింది ముక్కలు చేసి లెక్క తేల్చాలట. గొడవ చేస్తే ఉద్యోగానికి ఎసరొస్తుందని పైవాడొకడు సలహా కూడా ఇచ్చాడు. ఆవిడకి కూతురుంది, చదువుతోంది. ఆవిడ ఆ రోజు నా మొహం తుడవలేదు. దిమ్మె మీద కూర్చుని, "నీ మొగం నాకు గుర్తుండదేమోనని బయమేస్తంది" అని ఏడ్చింది. నాకు నోరుంటే ఆ కార్పొరేటర్ని ఆరోజు కడిగి ఆరేసేవాణ్ణి.

మర్నాడు నన్ను లారీలో వేసి షెడ్డుకి తీసుకెళ్ళారు. నాపరాయి పలక పీకేసి నల్లరాయిది పెట్టించారు, బంగారు రంగు అక్షరాలు. అప్పలాచారి కోదండపాణి గారి ఫోటో గోడకి తగిలించి మట్టి కలిపాడు. ఇంతలో వాయుగుండం. వాన అంటే అలాంటిలాంటి వాన కాదు. మట్టి ఆరలేదు. బలవంతంగా అచ్చు తీస్తే పగిలింది. రెండోసారి తీస్తే ఫైబరు గట్టిపడక చెంపలు జారిపోయాయి. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆ షెడ్డులో ఉన్న తల ఒక్కటే, లోవరాజుది.

అప్పలాచారి ఫోటోని చూశాడు, నన్ను చూశాడు. బీడీ కాల్చాడు. లేచి, లోవరాజు కనుబొమ్మ మీది గాటుకి లప్పం పట్టించాడు. మీసం దళసరి చేశాడు. ఇనపతీగతో కళ్ళద్దాలు చేసి ముక్కు మీద పెట్టాడు. ఆయన జాలిపడి చేశాడని మీరనుకుంటే అనుకోండి, నేను మాత్రం వాన వల్లే అంటాను. కాకపోతే బోల్టులు బిగిస్తూ, "రత్నమ్మా, నన్ను పట్టిచ్చీకు తల్లీ" అని గొణుక్కున్నాడు.

పొద్దున్న వాన వెలిసింది. జంక్షన్లో షామియానా, కుర్చీలు, మైకులు. మంత్రి గారు తాడు లాగారు, ముసుగు జారింది. సత్యకిరణ్ గారు తలెత్తి నన్ను చూశారు.

"నాన్నా!" అని ఆయన బావురుమన్నారు. "అచ్చం మా నాన్నే! బతికొచ్చినట్టుంది!"

కోదండపాణి గారి చెల్లెలు, పెద్దావిడ, కళ్ళు చికిలించి, "ముక్కు ఇంత చప్పిడా వాడిది?" అంది.

"వయసులో అలాగే ఉండేదిలే అత్తా, నువ్వూరుకో" అని కసిరారు సత్యకిరణ్ గారు.

అంతే, ఇంకెవరికీ అనుమానం రాలేదు. రాతి మీద పేరుంది కదా, మొహంతో పనేముంది? ఇంజనీరు వచ్చి దండం పెట్టాడు. పత్రం అడిగిన గుమాస్తా దండం పెట్టాడు. సత్యకిరణ్ గారు లోవరాజు కాళ్ళ మీద నుదురు ఆనించి ఏడ్చారు. కన్నతండ్రి మొహం తెలియని కొడుకు కన్నీళ్ళు కూడా ఉప్పగానే ఉంటాయని అప్పుడు తెలిసింది నాకు.

ఓ పక్కన, పూలు ఊడ్చడానికి వేసిన డ్యూటీలో, నూకరత్నం నిలబడి ఉంది. తల వంచుకునే ఉంది, కొత్త మొహం చూడకూడదని పంతం. జనం జోహార్లంటూ అరుస్తుంటే విసుగ్గా ఒక్కసారి తలెత్తింది. చీపురు చేతిలోంచి జారింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కుర్చీల వెనక నుంచి అప్పలాచారి రెండు చేతులూ జోడించాడు, చెప్పొద్దని. చెబితే ఈ మొహం ఇప్పుడే సుత్తి కింద పడుతుంది. చెప్పకపోతే లోవరాజు ఎప్పటికీ కోదండపాణిగానే నిలబడతాడు. ఆవిడకి రెండూ అర్థమయ్యాయి, కళ్ళలో కనిపించింది నాకు. కొంగు తియ్యలేదు.

ఎండ ముదిరేసరికి అందరూ భోజనాలకెళ్ళిపోయారు. కుర్చీలు ఎత్తేశారు. నూకరత్నం దిమ్మె దగ్గరకొచ్చి నల్లరాతి మీది అక్షరాలు వేలితో తడిమింది. చదువు రాదు గానీ అది తన మనిషి పేరు కాదని తెలుసు. మా వైపు పాతకాలపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. ఆవిడా అనలేదు, పెళ్ళయిన నాటి నుంచి ఇవాళ్టి దాకా ఒక్కసారీ అనలేదు, ఆయన శవం పైకి తీసినప్పుడు కూడా.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

"లోవరాజూ" అని పిలిచింది.

ఇంకోసారి గట్టిగా పిలిచింది. తర్వాత చీపురు తీసుకుని మంత్రి గారి పూలు ఊడ్చేసింది.