తెర మీద చేతులు

ఆ ఇంట్లో ఎవరినీ గొంతెత్తి పేరు పెట్టి పిలవరు, పిలిచినా వినేవాళ్లు లేరు. నాన్నది పుట్టు చెవుడు. అమ్మకి పసితనంలో జ్వరం వచ్చి వినికిడి పోయింది. వాళ్లకి పేర్లంటే సైగలే. అమ్మని పిలవాలంటే నాన్న రెండు చేతులతో గాల్లో జడ అల్లుతాడు. ఆయన ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేశాడు కాబట్టి, రెండు వేళ్లతో అక్షరం ఏరినట్టు చూపిస్తే అది నాన్న. బుగ్గ మీద వేలు గుచ్చితే కూతురు, సొట్టబుగ్గ. ముగ్గురిలో చెవులు పనిచేసేది ఆమెకొక్కర్తికే.

సొట్టబుగ్గ మందుల షాపులో పని చేస్తుంది. అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుందని తెలిసి సెలవు పెట్టి వచ్చింది. ఆపరేషన్ చేయించుకుని అమ్మ ఇంటికొచ్చి మంచమెక్కిందో లేదో, నాన్నకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. పెద్దాసుపత్రిలో ఐసీయూలో పెట్టారు. అక్కడ బాబాయి తోడున్నాడు. మధ్యాహ్నం పూట ఒక్కసారి, ఒక్క మనిషిని, కాసేపు లోపలికి పంపుతారు. అప్పుడు బాబాయి తన ఫోన్లోంచి వీడియో కాల్ చేశాడు.

సొట్టబుగ్గ తన ఫోన్ అమ్మ మొహానికి దగ్గరగా పట్టుకుంది. అమ్మ కళ్లకి శుక్లాలు. అరచేతంత తెరలో నాన్న మొహమే గోరంత ఉంది, ఇక వేళ్లేం కనబడతాయి! అమ్మ కళ్లు చిట్లించి, ఫోన్ని దగ్గరికి లాక్కుని, దూరంగా పెట్టి చూసి, చివరికి కూతురి వైపు తిరిగింది.

"ఏమంటున్నాడు?" అని చేతులతో అడిగింది.

"బానే ఉన్నాడట. నువ్వు కాలు కింద పెట్టొద్దంటున్నాడు."

"అది నువ్వు చెప్పిన మాట. నాకు ఆయన మాట కావాలి." అమ్మ చేతులు విసురుగా కదిలాయి. "మాకు పెళ్లైన దగ్గర్నుంచి మధ్యలో ఎవరూ కూర్చుని చెప్పలేదు. ఇప్పుడు నువ్వు చెప్తావా?"

ఆ మాట కూతురికి చురుక్కుమంది. కానీ అమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు.

ఇంట్లో పెద్ద తెర ఉన్నది నాన్న ల్యాప్‌టాప్‌కే. దాంట్లో ఆయన డబ్బిచ్చి కొనే సిస్టమ్ తీసేసి, అందరూ ఉచితంగా పంచుకునే సిస్టమ్ వేసుకున్నాడు. ఎవర్నీ అడక్కుండా, చదువుకుంటూ తనంతట తానే నేర్చుకున్నాడు. పుస్తకాలకి అచ్చు కూర్చి పెన్‌డ్రైవ్‌లో పంపేవాడే తప్ప, ఇంటర్నెట్ జోలికి పోలేదు. ఇంటికి కనెక్షనే లేదు. సొట్టబుగ్గ తన ఫోన్లోంచి నెట్ పంచి దానికి తగిలిద్దామని చూస్తే, వైఫై అడాప్టర్ లేదు పొమ్మంది పెట్టె. వైరుతో కలుపుదామంటే ఆమె ఫోన్ సాకెట్ అరిగిపోయి చార్జింగ్ తప్ప ఇంకేం ఎక్కదు. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. పైవాటాలో ఆయన, తనది ఆఫీసు ల్యాప్‌టాప్ అనీ, ఇంకొకరి చేతికి ఇస్తే ఉద్యోగం ఊడుతుందనీ మొహమాటపడ్డాడు.

నిజానికి వైఫై కార్డు లోపల లేకపోలేదు. ఒక కమాండ్ కొడితే దాని పేరూ నంబరూ వచ్చాయి. ఫోన్లో వెతుకుతూ కూర్చుంటే సంగతి తెలిసింది. ఆ కార్డుని నిద్ర లేపడానికి దాని కంపెనీ చేసిన చిన్న ఫైలు ఒకటి కావాలి. అది లేకపోతే కార్డు ఉన్నా లేనట్టే.

వీధి చివర జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ పట్టుకుని పరిగెత్తింది. షాపావిడ కంప్యూటర్ ముందు కుర్చీ ఖాళీ చేసి ఇచ్చింది.

"ఏం ఫైలమ్మా అది, అంత కంగారు?"

"వైఫై కార్డుదండి. చేసినవాళ్లేమో దీని లోపల ఏం రాశారో విప్పి చూపించరంట. మా నాన్న వేసుకున్న సిస్టమ్‌వాళ్లేమో విప్పి చూపించనిది మాకొద్దంటారంట. అందుకని అందులో పెట్టలేదు."

"వాళ్లూ వాళ్లూ పంతాలకి పోయి, మధ్యలో మనకా తిప్పలు!" అని షాపావిడ నొచ్చుకుంది.

ఇంటికొచ్చి ఫైలు సిస్టమ్ లోపల పెట్టబోతే పాస్‌వర్డ్ అడిగింది. అది నాన్నకే తెలుసని సొట్టబుగ్గ అమ్మకి చెప్పింది. అమ్మ ల్యాప్‌టాప్ ఇటు ఇమ్మని సైగ చేసింది. ఒళ్లో పెట్టుకుని, కీబోర్డు మీద వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుంది. అవి ఏ అక్షరాలో ఆవిడకి తెలీదు. రోజూ పక్కన కూర్చుని చూసిన ఆయన వేళ్లు ఎటు నుంచి ఎటు నడుస్తాయో మాత్రం తెలుసు. మొదటిసారి తప్పింది. రెండోసారి తెరుచుకుంది.

"అంతా చూస్తూనే ఉన్నావన్నమాట," అంది సొట్టబుగ్గ.

"నాకు వేరే టీవీ ఏముంది?" అంది అమ్మ. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఫైలు పెట్టినా కార్డు లేవలేదు. నంబరు చివర ఒక్క అక్షరం తేడాతో వేరే కార్డు ఫైలు తెచ్చుకుంది. తెల్లారి షాపు తలుపు తీయగానే మళ్లీ వెళ్లి సరైనది తెచ్చింది. పెట్టి, పెట్టె ఆపి, మళ్లీ వేసింది. ఈసారి కార్డు ఉందంది కానీ ఆపేసి ఉందంది. ల్యాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తే, ముందంచున దుమ్ములో కూరుకుపోయిన చిన్న స్విచ్ ఒకటి తగిలింది. గోటితో పక్కకి నెట్టింది. దీపం వెలిగింది. తెర మీద తన ఫోన్ పేరు కనబడగానే సొట్టబుగ్గ గట్టిగా కేక పెట్టింది. వినడానికి ఎవరూ లేరు కాబట్టి, అమ్మకి అదురు తెలిసేలా మంచం కోడు మీద దబదబా చరిచింది.

మధ్యాహ్నం అమ్మ తల దువ్వించుకుంది. మంచం పక్కన స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టారు. బాబాయి కాల్ వచ్చింది. తెర నిండా నాన్న. అమ్మ రెప్ప వేయకుండా చూసింది. ఈసారి అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. నాన్న రెండు చేతులూ మంచం కమ్మీలకి గుడ్డపట్టీలతో కట్టేసి ఉన్నాయి.

"బాబాయ్, ఏంటది?"

"రాత్రి ముక్కులో గొట్టం పీకేసుకున్నాడంటమ్మా. మళ్లీ పీక్కుంటాడని కట్టారు. ఇక్కడ అందరికీ ఇంతేనంట."

"అందరికీ అవి చేతులే బాబాయ్. నాన్నకి అవే నోరు! విప్పమని చెప్పు. వాళ్ల కాళ్లు పట్టుకుంటావో ఏం చేస్తావో నాకు తెలీదు."

కార్డు పనిచేయకపోయినా బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది సొట్టబుగ్గకి. తెరలో బాబాయి ఎవర్నో బతిమాలుతున్నట్టు వినబడింది. చివరికి ఒక నర్సు వచ్చి, "కాసేపే. ఒక్క చెయ్యే," అని కుడిచేతి పట్టీ విప్పి పక్కనే నిలబడింది.

నాన్న వేళ్లు ఓ రెండుసార్లు ముడిచి తెరిచాడు. తర్వాత నెమ్మదిగా, "పక్క మంచం ఆయన గురకకి వార్డంతా గోల పెడుతున్నారట. నాకు మాత్రం హాయిగా ఉంది," అన్నాడు. అమ్మ కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నా పెట్టెలోంచేనా?" అని కూతుర్ని అడిగాడు. అవునంది. వైఫై ఎలా లేపావని అడగబోయి, ఓపిక లేక బొటనవేలు ఎత్తి ఊరుకున్నాడు.

తర్వాత అమ్మని పిలిచాడు. జడ అల్లాలంటే రెండు చేతులు కావాలి. ఒక్క చెయ్యే గాల్లో తిరుగుతూ ఉంది. అమ్మ ముందుకి వంగి తన ఎడంచెయ్యి తెర దగ్గర పెట్టి, ఆయన చేతికి జతగా తిప్పింది. ఇద్దరూ అలా కాసేపు అల్లారు. నాన్న చెయ్యి వాలిపోయింది. నర్సు దాన్ని పట్టుకుని మళ్లీ కట్టింది. కడుతున్నంతసేపూ అమ్మ చూస్తూనే ఉంది. కట్టాక కూడా ఆపకుండా మాట్లాడింది. కాలు నొప్పి తగ్గిందనీ, కూతురు పప్పు మాడబెట్టిందనీ, తొందరగా ఇంటికి రమ్మనీ. ఆయన కళ్లతోనే ఊఁ కొట్టాడు. టైమైపోయింది.

మర్నాడు కాల్ వేళ ఇంకా కాకుండానే బాబాయి ఫోన్ మోగింది. వీడియో కాదు, మామూలు కాల్. సొట్టబుగ్గ వంటగదిలో ఉంది. వింటూనే గట్టు పట్టుకుని నేల మీద కూలబడి, నోరారా ఏడ్చింది. పక్క గదిలో అమ్మ తల దువ్వుకుని, స్టూలు మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని కూర్చుంది. ఆవిడకి ఏమీ వినబడలేదు.

చెవులున్నవాళ్లకైతే తలుపు చాటు నుంచి చెప్పొచ్చు, మొహం తిప్పుకుని చెప్పొచ్చు. అమ్మకి చెప్పాలంటే ఎదురుగా, వెలుతుర్లో నిలబడాలి. సొట్టబుగ్గ మొహం కడుక్కుని వెళ్లి నిలబడింది. రెండు వేళ్లతో అక్షరం ఏరినట్టు చూపించింది. నాన్న. ఆ తర్వాత చేతులు కదల్లేదు.

అమ్మ ఆ చేతులకేసి చాలాసేపు చూసింది. "పూర్తి చెయ్యి," అంది. "చెప్పకపోతే నేను నమ్మను."

చెప్పింది.

అమ్మ ఏడవలేదు. "చేతులు విప్పారా?" అని అడిగింది.

సొట్టబుగ్గకి తెలీదు. బాబాయికి ఫోన్ చేసి అడిగింది. ఆయన గొంతు సవరించుకుని, "ఇప్పుడు విప్పారమ్మా," అన్నాడు.

అమ్మ కూతురి చేతులకేసి చూస్తూ ఉంది. "విప్పారంట," అంది సొట్టబుగ్గ. "ఇప్పుడు" అన్న మాట చేతుల్లోకి రానివ్వలేదు.